చెరువు నిండా ప్లాస్టిక్: సంజాయిషీ ఎవరు చెప్పుకోవాలి?

జీడిమెట్లలో ఆడవాళ్ళని కూర్చోబెట్టి ప్లాస్టిక్ గురించి ఉపన్యాసాలిచ్చే సభలకి లోటు లేదు. పర్యావరణ దినానికి ఒకటి, వినాయకచవితి ముందు ఒకటి, స్వచ్ఛత పేరుతో ఏ కార్యక్రమం మొదలైనా ఇంకొకటి. ఇలాంటివి నేను చాలా చూశాను. వేదిక మీద దాదాపు అందరూ మగవాళ్ళు, కింద పొదుపు సంఘాల ఆడవాళ్ళు. చెప్పే మాటలు ఎక్కడైనా అవే. "చెరువులు మీ చేతుల్లోనే ఉన్నాయమ్మా. కూరగాయలకి పోయేటప్పుడు గుడ్డసంచి పట్టుకుపోండి. తడిచెత్త, పొడిచెత్త వేరుచెయ్యండి. పిల్లలకి మీరే నేర్పాలి." చివర ఒక ప్రతిజ్ఞ, ఒక ఫోటో. కొన్నిచోట్ల ఆ సభలోనే ప్లాస్టిక్ సీసాల్లో నీళ్ళు పంచుతారు.

గుడ్డసంచి మీద నాకే కోపమూ లేదు. మన అమ్మలూ అమ్మమ్మలూ దానితోనే సంసారాలు చేశారు. నా అభ్యంతరమల్లా చెరువు పాడవటాన్ని ఆడవాళ్ళ ఇంటిచాకిరీ పద్దులో రాసెయ్యటం మీద. పిల్లాడికి మార్కులు తగ్గితే తల్లి పెంపకం సరిగా లేదంటారు. మొగుడు తాగితే పెళ్ళాం సరిగా చూసుకోలేదంటారు. ఇప్పుడు చెరువు చచ్చిపోతే మనం కవర్లు ఎక్కువ వాడుతున్నామంటున్నారు. ప్లాస్టిక్ తయారు చేసినవాళ్ళూ, దాన్ని ఊరంతా అమ్మినవాళ్ళూ, ఎత్తించాల్సిన బాధ్యత ఉన్నవాళ్ళూ ఈ లెక్కలో ఎక్కడా కనపడరు. చెరువుల్లో ప్లాస్టిక్ సమస్య ఆడవాళ్ళ అలవాట్ల సమస్య కాదనీ, హక్కుల సమస్యనీ చెప్పటానికే ఇది రాస్తున్నాను.

చెరువు చరిత్ర కొంచెం

మా ప్రాంతంలో పెద్ద చెరువు ఫాక్స్‌సాగర్. జీడిమెట్ల చెరువు, కొల్ల చెరువు అని కూడా అంటారు. నిజాం కాలంలో, 1897లో కట్టారు. చెరువుంటే దాని చుట్టూ బతుకుంటుంది. చేపలు పట్టే బెస్తలూ ముదిరాజులూ, ఆ చేపల్ని గంపలకెత్తి అమ్మే ఆడవాళ్ళు, బట్టలుతికే చాకలివాళ్ళు, గేదెలు మేపుకునేవాళ్ళు, కింద పొలాల్లో నాట్లేసే కూలీలు. కట్టమీద మైసమ్మ. బతుకమ్మ నాడు ఊళ్ళోని ఆడవాళ్ళంతా ఎవరి అనుమతీ అడగకుండా చెరువు దగ్గరికి పోయేవాళ్ళు. ఊరుమ్మడి జాగాల్లో ఆడది తలెత్తుకుని నిలబడగలిగినవి చాలా తక్కువ. చెరువుగట్టు వాటిలో ఒకటి. చెరువు పోయిందంటే ఆ జాగా కూడా పోయినట్టే.

1970ల తర్వాత జీడిమెట్ల, బాలానగర్ చుట్టుపక్కలంతా ఫ్యాక్టరీలు లేచాయి. మందుల కంపెనీలు, రసాయనాలు, రంగులు, ప్లాస్టిక్ మౌల్డింగ్ షెడ్లు. వాటితోపాటు శ్రీకాకుళం నుంచీ, మహబూబ్‌నగర్ నుంచీ, ఒడిశా, బీహార్ల నుంచీ కూలీలు వచ్చి ఒక్క గది ఇళ్ళల్లో చేరారు. ఆ గదులకి అద్దె కట్టించుకున్నారు గానీ మురుక్కాలవలు కట్టలేదు. పారిశ్రామికవాడ మురుగు కూకట్‌పల్లి నాలాలో పడి హుస్సేన్‌సాగర్‌కి చేరింది. 16వ శతాబ్దంలో కట్టిన ఆ సాగరం ఒకప్పుడు నగరానికి తాగునీరిచ్చింది. ఆ తర్వాత దాన్ని శుద్ధిచెయ్యటానికి 2006లో జపాన్ నుంచి అప్పు తెచ్చుకోవాల్సి వచ్చింది.

రసాయనాల మీద ఈ ప్రాంత ప్రజలు ఊరికే కూర్చోలేదు. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకి పోయారు. ఆ కేసు 27 ఏళ్ళు అక్కడ నలిగి 2017లో హరిత ట్రిబ్యునల్‌కి బదిలీ అయింది. అక్కడ వేలెత్తి చూపించటానికి కంపెనీల గొట్టాలున్నాయి. ప్లాస్టిక్ విషయంలో కంపెనీలకి ఒక పెద్ద సౌకర్యం ఉంది. వాళ్ళ చెత్త వాళ్ళ గేటులోంచి చెత్తలాగా బయటికి రాదు, సరుకులాగా వస్తుంది. అది చెత్తగా మారేది మన వంటింట్లో, మన చేతుల్లో. అందుకే నేరం మనమీద పెట్టటం అంత తేలికైంది.

ఒక కవరు ప్రయాణం

జీడిమెట్ల పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ సంచులు తయారయ్యే ఫ్యాక్టరీలున్నాయి. 2024 నవంబరులో అలాంటి ఒక ఫ్యాక్టరీ అంటుకుని గంటల తరబడి కాలింది. నల్లటి పొగ దూరం దాకా కనిపించింది. అంటే కవరు పుట్టేదీ ఇక్కడే, తేలేదీ ఇక్కడే. మధ్యలో అది మన ఇంట్లో ఉండేది ఎంతసేపు? దుకాణం నుంచి గడప దాకా. టీకొట్టు నుంచి కవర్లో పోయించుకున్న చాయ్ అయితే పది నిముషాలు.

ఆ పది నిముషాల తర్వాత అది బస్తీలో ఖాళీ ప్లాటులో పడుతుంది. చెత్తబండి మా సందుల్లోకి రోజూ రాదు. కొన్ని సందుల్లోకి అసలు పట్టదు. పొద్దున ఆరింటికి షిఫ్టుకి పోయే ఆడమనిషి పదింటికొచ్చే బండికి చెత్త ఎలా ఇస్తుంది? గాలికో వానకో ఆ కవరు నాలాలో చేరుతుంది. నాలాలో చేరాక ఇంకో పది కవర్లని, కొమ్మల్ని, గుర్రపుడెక్కని పట్టుకుని అడ్డుకట్ట అవుతుంది. నాలాలు అసలే ఆక్రమణలతో సగమయ్యాయి. 2000 ఆగస్టు వరదల తర్వాత వేసిన కిర్లోస్కర్ కమిటీ నాలాల్ని వెడల్పు చెయ్యాలని 2003లోనే చెప్పింది. 2020 అక్టోబరు 13న కురిసిన వానకి ఫాక్స్‌సాగర్ నిండి ఉమామహేశ్వర కాలనీలోకి వచ్చిన నీళ్ళు వారాల తరబడి తియ్యలేదు. ఆ వరదకి ప్లాస్టిక్ ఒక్కటే కారణమని నేననను. చెరువు శిఖం భూముల్లో ప్లాట్లు చేసి అమ్మినవాళ్ళ పాపం అంతకంటే పెద్దది. కానీ నీళ్ళు వెనక్కి తీశాక గడపల్లో, కిటికీ ఊచలకి, తులసికోటలకి చుట్టుకుని వేలాడే కవర్లని ఏరి, బురద ఎత్తి కడుక్కునేది ఎక్కడైనా ఆడవాళ్ళే.

ఈ ప్రయాణం ఇక్కడితో ఆగదు. నాలా హుస్సేన్‌సాగర్‌కి, అక్కడి నుంచి మూసీకి. మూసీ నల్లగొండ జిల్లాలో వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ సముద్రంలో కలుస్తుంది. సముద్రాల్లోకి ప్లాస్టిక్ మోసేవి గంగ, యాంగ్సీ లాంటి కొద్ది మహానదులే అని ఒకప్పుడు అనుకునేవాళ్ళు. నదులు మోసుకుపోయే ప్లాస్టిక్‌లో నూటికి 80 వంతులు వెయ్యికి పైగా నదుల నుంచి పోతోందనీ, వాటిలో నగరాల మధ్య పారే చిన్న నదుల పాత్ర చాలా ఉందనీ 2021లో ఒక అంతర్జాతీయ పరిశోధన తేల్చింది. మన మూసీ లాంటివన్నమాట. అంతకంటే ముఖ్యం, చాలా ప్లాస్టిక్ సముద్రం దాకా పోనేపోదు. చెరువు అడుగునే ఉండిపోతుంది. ఎండకి పెళుసెక్కి, ముక్కలై, కంటికి కనపడని రవ్వలవుతుంది గానీ మట్టి కాదు. ఆ రవ్వలమీద నీళ్ళలోని రసాయనాలు, సూక్ష్మజీవులు అతుక్కుంటాయి. వాటిని చేప మింగుతుంది. చేపని మనం తింటాం.

ఎందుకు కొంటున్నాం?

"మీరు కొనటం మానేస్తే వాళ్ళు తయారుచెయ్యటం మానేస్తారు" అంటారు పెద్దమనుషులు. మన బస్తీల్లో ఆడవాళ్ళు ఏం కొంటారో, ఎందుకు కొంటారో వాళ్ళకి తెలిసినట్టు లేదు.

రోజుకూలి మీద బతికే మనిషి నెల సరుకులు ఒకేసారి తెచ్చుకోలేదు. అందుకని ఒక రూపాయి షాంపూ, రెండు రూపాయల కొబ్బరినూనె, అయిదు రూపాయల సబ్బుపొడి, పది రూపాయల మంచినూనె ప్యాకెట్టు. ఈ చిన్న ప్యాకెట్ల వ్యాపారం 1980లలో తమిళనాడులో షాంపూతో ఊపందుకుంది. 1991 తర్వాత సరళీకరణ వచ్చాక బహుళజాతి కంపెనీలు అదే దారిలో పల్లెపల్లెకీ వెళ్ళాయి. పేదవాళ్ళకి కూడా మంచి సరుకు అందించామని గొప్పగా చెప్పుకున్నాయి. నిజానికి వాళ్ళు కనిపెట్టింది పేదల జేబులోంచి ప్రతిరోజూ కొంత లాక్కునే దారి. సబ్బూ కుంకుడుకాయలతో సరిపెట్టుకునే ఇంటికి టీవీ ప్రకటన పంపి, ఆడపిల్ల జుట్టు మెరవాలని ఆశపెట్టి, ఆ ఆశని రూపాయి ప్యాకెట్టులో కట్టి అమ్మారు. ఆ ప్యాకెట్టులో రెండు మూడు పొరలుంటాయి, ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్, మధ్యలో అల్యూమినియం రేకు. వాటిని విడదియ్యటం ఎవరి తరమూ కాదు. ఏ కబాడీ దుకాణమూ దాన్ని కొనదు.

నీళ్ళ సంగతి చూడండి. పారిశ్రామికవాడ చుట్టుపక్కల బస్తీల్లో బోరునీళ్ళు తాగటానికి పనికిరాకుండా పోయి చాలా ఏళ్ళయింది. కంపెనీలు భూగర్భజలాన్ని పాడుచేశాయి. నల్లా నీళ్ళు చాలవు, సందుల్లో కొళాయిలు చాలవు. అందుకని నీళ్ళ డబ్బాలు, వాటర్ ప్యాకెట్లు కొనుక్కుంటున్నాం. తాగి పారేసిన ప్యాకెట్లు మళ్ళీ చెరువులోకే పోతున్నాయి. పాడైన నీటి నుంచి ప్లాస్టిక్, ప్లాస్టిక్ నుంచి ఇంకా పాడైన నీరు. ఈ గానుగలో తిరిగే ఎద్దుల్లాగా మనల్ని కట్టేసి, ఎందుకు తిరుగుతున్నావని మనల్నే అడుగుతున్నారు.

బహిష్టు గుడ్డల సంగతి ఎవరూ సభల్లో మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతాను. ప్యాడ్లు శుభ్రమనీ, ఆధునికమనీ ఇరవై ఏళ్ళుగా ఆడపిల్లలకి చెప్పారు. గుడ్డ ఆరేసుకోవటానికి ఎండ తగిలే చోటులేని అద్దెగదుల్లో, షిఫ్టు మధ్యలో బాత్రూముకి పోనివ్వని ఫ్యాక్టరీల్లో ప్యాడ్లు నిజంగానే అవసరం. కానీ అందులో చాలాభాగం ప్లాస్టిక్కేనని ఎవరూ చెప్పలేదు. వాడాక చుట్టి పారేసేందుకు తయారీదారులే కవర్లివ్వాలని 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు చెప్పాయి. ఆ కవర్లు మన బస్తీ దుకాణాల్లో అమ్మే ప్యాకెట్లలో మీరెప్పుడైనా చూశారా? నల్లకవర్లో చుట్టి, చీకటి పడ్డాక, ఎవరూ చూడకుండా నాలాలో వేసి వచ్చే ఆడపిల్ల సిగ్గు లేక వేస్తోందా, వేరే దారి లేక వేస్తోందా?

మైక్రాన్ల చట్టాలు

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదనలేం. చాలా నియమాలు చేసింది. అవన్నీ వరసగా పెట్టి చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. 1999లో 20 మైక్రాన్ల కంటే పల్చని సంచులు వద్దన్నారు. 2011లో 40 అన్నారు. 2016లో 50. 2021 సెప్టెంబరు నుంచి 75. 2022 డిసెంబరు చివరి నుంచి 120. పాతికేళ్ళుగా రాజ్యం సంచి మందాన్ని కొలుస్తూ కూర్చుంది. సంచులెన్ని తయారుచెయ్యొచ్చు అనే ప్రశ్న మాత్రం ఒక్కసారీ వెయ్యలేదు. మందం సంచి త్వరగా చినగదు, ఏరుకునేవాళ్ళకి బరువు తూగి నాలుగు డబ్బులొస్తాయి అనేది ఈ నియమాల వెనకున్న తర్కం. అందులో కొంత నిజముంది. కానీ సంచి మందమెంతో కొలిచే పరికరం బండిమీద కూరలమ్మే ఆడమనిషి దగ్గర ఉండదు. దుకాణంవాడు ఇచ్చింది ఆమె కొంటుంది. చలానా రాసేది మాత్రం ఆమెకి.

2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో కొన్నింటిని దేశమంతా నిషేధించారు. గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలు, చెవిలో పెట్టుకునే దూదిపుల్లలు, మిఠాయి డబ్బాకి చుట్టే పల్చటి కాగితం. చిన్న షెడ్లలో తయారయ్యేవి, చిన్న బండ్లమీద వాడేవి ఇవన్నీ. షాంపూ ప్యాకెట్లు, చిప్స్ ప్యాకెట్లు, శీతలపానీయాల సీసాలు ఆ జాబితాలో లేవు. పెద్ద కంపెనీల సరుకు ఏది దానిలోకి ఎక్కిందో వెతికి చూడండి.

పెద్ద కంపెనీల కోసం వేరే ఏర్పాటుంది. తయారీదారు, బ్రాండు యజమాని తాము మార్కెట్లోకి వదిలిన ప్లాస్టిక్‌కి సమానంగా వెనక్కి తీసుకుని రీసైక్లింగ్ చేయించాలని 2022 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు వచ్చాయి. మాట మంచిదే. ఆచరణలో అది సర్టిఫికెట్ల వ్యాపారమైంది. రీసైక్లింగ్ చేసే కంపెనీ సర్టిఫికెట్టు ఇస్తుంది, సరుకమ్మే కంపెనీ దాన్ని కొనుక్కుంటుంది. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొన్ని రీసైక్లింగ్ కంపెనీలని తనిఖీ చేస్తే ఆరులక్షల దొంగ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. కాగితంమీద వెనక్కి తీసుకున్న ప్లాస్టిక్ నిజంగా ఎక్కడుందో తెలుసుకోవాలంటే ఏ చెరువుగట్టు మీదికన్నా పోయి చూడొచ్చు.

ప్రపంచస్థాయిలోనూ ఇదే కథ. ప్లాస్టిక్ మీద ఒక ఒప్పందం చేసుకుందామని ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 2022 మార్చిలో దేశాలు తీర్మానించాయి. 2024 చివర బూసాన్‌లోనూ, 2025 ఆగస్టులో జెనీవాలోనూ చర్చలు తెగలేదు. అసలు తయారీకే హద్దుపెట్టాలని వందకు పైగా దేశాలు అడిగితే చమురు దేశాలు ఒప్పుకోలేదు. ముడి ప్లాస్టిక్ తయారీకి పరిమితులు పెట్టటాన్ని మన దేశం కూడా వ్యతిరేకించింది. మన అభివృద్ధికి అడ్డమట. ఎవరి అభివృద్ధి? దేశంలో ప్లాస్టిక్ ముడిసరుకు తయారుచేసేవి వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని పెట్రోకెమికల్ కంపెనీలు. దాన్ని చెత్తగా మొయ్యాల్సింది మాత్రం కోట్లమంది.

ఏరేవాళ్ళు ఎవరు?

పర్యావరణంలోకి చేరే ప్లాస్టిక్ ప్రపంచం మొత్తంమీద ఏడాదికి 5.2 కోట్ల టన్నులని, అందులో మన దేశానిది 93 లక్షల టన్నులని, అంటే దాదాపు అయిదోవంతని, లీడ్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2024 సెప్టెంబరులో నేచర్ పత్రికలో రాశారు. చెత్త ఎత్తకపోవటం, బహిరంగంగా తగలబెట్టటం ముఖ్య కారణాలన్నారు. ఈ అంకె ఇంతకంటే పెద్దది కాకుండా ఆపుతున్నది ఎవరో తెలుసా? భుజాన గోతం వేసుకుని తెల్లవారుజామునే బయల్దేరే ఆడవాళ్ళు. మన బస్తీల్లో చిత్తుకాగితాలూ ప్లాస్టిక్కూ ఏరేవాళ్ళలో చాలామంది దళిత, ముస్లిం, సంచారకులాల స్త్రీలు. వాళ్ళకి జీతం లేదు, గుర్తింపు కార్డు లేదు, చేతికి తొడుగు లేదు. గాజుపెంకు గుచ్చుకుంటే సెలవు లేదు. మన ప్యాడ్లూ, మన పిల్లల డైపర్లూ వట్టి చేతుల్తో విడదీసేది వాళ్ళే.

ఒక అక్క నాతో అన్నది: "సీసాలు కొంటడు, పాలకవర్లు కొంటడు, గట్టి డబ్బాలు కొంటడు. మెరిసే ప్యాకెట్లు ఎవడు గూడ కొనడు. గవి ఏరితే నాకేమొస్తది? గందుకే ఆడనే ఇడిసిపెడ్త." పర్యావరణ శాస్త్రమంతా ఆ మాటల్లో ఉంది. చెరువులో తేలేది ఆమె ఏరకుండా వదిలినది. కొనే దిక్కులేని వస్తువుని తయారుచెయ్యనిచ్చినవాడిది కదా తప్పు? ఇంకొక అక్క అడిగింది: "చెరువుల కవర్లన్ని మా గుడిసెలనుంచే పోయినయంటరు. మరి గా కంపెనోళ్ళ డ్రమ్ములు, గా ఫంక్షన్‌హాలు గ్లాసులు ఎవరేసిండ్రు?"

2016 నియమాలే చెత్త ఏరేవాళ్ళని గుర్తించి, వ్యవస్థలో భాగం చెయ్యాలని నగరపాలక సంస్థలకి చెప్పాయి. మన నగరం అప్పటికే, 2009లోనే, చెత్త నిర్వహణని 25 ఏళ్ళ ఒప్పందం మీద ఒక ప్రైవేటు సంస్థ చేతిలో పెట్టింది. నగరం చెత్తంతా జవహర్‌నగర్ గుట్టకి పోతే దాని కింద మల్కారం చెరువు నల్లబడిపోయింది. ఇక్కడి చెరువుని కాపాడటానికి ఎత్తిన చెత్త అక్కడి చెరువుని చంపుతోంది. అక్కడా తలనొప్పులు, చర్మరోగాలు భరిస్తూ పిల్లల్ని ఆస్పత్రులకి తిప్పేది ఆడవాళ్ళే.

వేరే దారులు లేకపోలేదు. పుణెలో చెత్త ఏరేవాళ్ళు, అందులో ఎక్కువమంది దళిత స్త్రీలు, 1993లో కార్మిక సంఘం పెట్టుకున్నారు. పదిహేనేళ్ళు పోరాడి 2008లో తమ సొంత సహకార సంఘం స్వచ్ఛ్ ద్వారా నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుని ఇంటింటి చెత్త సేకరణ తమ హక్కుగా సాధించుకున్నారు. పుణెలో అయినది హైదరాబాదులో ఎందుకు కాకూడదు?

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. ప్లాస్టిక్ షెడ్లలో పనిచేసేవాళ్ళలోనూ ఆడవాళ్ళున్నారు. కవర్లు లెక్కపెట్టి కట్టలు కట్టటం, మౌల్డింగ్ మూతల అంచులు కొయ్యటం, రంగులవారీగా తుక్కు విడదియ్యటం. మగవాడి కంటే తక్కువ కూలి, పి.ఎఫ్. లేదు, ఇ.ఎస్.ఐ. లేదు. నిషేధం అనగానే మొదట మూతపడేవి ఈ చిన్న షెడ్లు, మొదట పని పోయేది ఈ ఆడవాళ్ళకి. వాళ్ళకి వేరే పని చూపించకుండా నిషేధం అడగటం మన ఉద్యమానికి తగదు. గుడ్డసంచులు కుట్టే పథకం ఇచ్చాంగా అంటారు అధికారులు. సంచికి ఇంత అని ఇచ్చే ఆ కుట్టుకూలి మీద ఒక్క కుటుంబం బతకగలదేమో అడగండి.

ముస్తాబులు, కూల్చివేతలు

మాదాపూర్ వైపు దుర్గం చెరువుంది. హైటెక్ సిటీ వచ్చాక దాని చుట్టూ అద్దాల భవనాలు లేచాయి. 2020 సెప్టెంబరులో 184 కోట్లతో దానిమీద తీగల వంతెన ప్రారంభించారు. రాత్రిపూట రంగురంగుల దీపాలు. వంతెన వద్దని నేననను. చెరువంటే దీపాలు, నడకదారి, సెల్ఫీ అనుకునే చూపు మీద నా తగాదా. ఈ చూపుతో చూస్తే చెరువులో బట్టలుతికే మనిషీ, గేదెలు తోలే మనిషీ, చేపల గంపెత్తుకున్న మనిషీ అందరూ చెత్త కిందే లెక్క. 2024లో మూసీ ఒడ్డున ఇళ్ళకి ఎర్రరంగుతో గుర్తులు పెట్టినప్పుడు గడపలో కూర్చుని ఏడ్చిన ఆడవాళ్ళని మనం చూశాం. నదిని బాగుచెయ్యటానికట. ఆ నదిలోకి మురుగూ ప్లాస్టిక్కూ వదిలిన ఏ కంపెనీ గేటుకి ఎవరు ఎర్రరంగు పూశారు?

ఆదివారం పొద్దున్నే ఒక కంపెనీ పేరున్న బనియన్లు వేసుకుని చెరువుగట్టు శుభ్రంచేసే కుర్రకారు మీద నాకు చిరాకు లేదు. వాళ్ళలో చాలామందిది నిజమైన ఆవేదన. కానీ కంపెనీల సామాజిక బాధ్యత నిధులతో నడిచే ఈ శుభ్రతలో మూడు గంటలు ఏరిన చెత్తంతా మళ్ళీ మూడు వానల్లో వచ్చి చేరుతుంది. ఏరిన ప్యాకెట్ల మీద ఏ బ్రాండు పేరుందో రాసి లెక్కగట్టమంటే మాత్రం నిధులిచ్చేవాళ్ళు ముఖం చిట్లిస్తారు. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మన మిత్రులు దీని గురించి ఆలోచించాలి. పైసలిచ్చినవాడి పేరు చెత్తలో కనపడినా చెప్పలేని శుభ్రత ఎవరికోసం?

కడుపులోకి కూడా

ఇటలీ పరిశోధకులు 2021లో ఆరుగురు తల్లుల మాయని పరీక్షిస్తే నలుగురిలో ప్లాస్టిక్ రవ్వలు కనిపించాయి. ఆ మరుసటి ఏడాది తల్లిపాలలో కూడా చూశారు. వీటివల్ల బిడ్డకి ఎంత హాని అన్నది శాస్త్రవేత్తలు ఇంకా తేలుస్తున్నారు. ఈ వార్త చదివి పత్రికలు ఏం రాశాయి? గర్భిణీ స్త్రీలు ప్లాస్టిక్ డబ్బాలో తినొద్దు, వేడి పదార్థాలు కవర్లో తెచ్చుకోవద్దు. మళ్ళీ అదే. విషం ఆమె కడుపులోకి పంపినవాడికి ఒక్క సలహా లేదు, జాగ్రత్తలన్నీ ఆమెకే. నీళ్ళలో, గాలిలో, ఉప్పులో ఉన్నదాన్ని ఏ గర్భిణి ఏ డబ్బా మార్చి తప్పించుకోగలదు?

మనం అడగాల్సినవి

బస్తీ ఆడవాళ్ళతో, కార్మిక సంఘాల స్నేహితులతో మాట్లాడాక నాకు తోచినవి ఇవి. చర్చించి మార్చుకుందాం, చేర్చుకుందాం.

1. రీసైక్లింగ్ కాని పొరల ప్యాకెట్ల తయారీని గడువుపెట్టి ఆపాలి. అప్పటిదాకా ప్రతి ఖాళీ ప్యాకెట్టుకి కంపెనీ ధర కట్టి వెనక్కి కొనాలి. మెరిసే ప్యాకెట్టుకి కూడా పైసా వస్తే అది చెరువు దాకా పోదు.

2. కంపెనీలు సర్టిఫికెట్లకి పెట్టే డబ్బులో వాటా నేరుగా చెత్త ఏరే స్త్రీల సహకార సంఘాలకి చేరాలి. వాళ్ళకి గుర్తింపు కార్డులు, కనీస వేతనం, వైద్యం, చెత్త విడదీసుకునే షెడ్డు, పిల్లలకి బాలవాడి కావాలి.

3. ప్రతి బస్తీకీ తాగటానికి పనికొచ్చే నల్లా నీళ్ళు రావాలి. ప్లాస్టిక్ నిషేధంలో మొదటి మెట్టు ఇదే.

4. చెత్తబండి వేళలు పనికి పోయే ఆడవాళ్ళని అడిగి పెట్టాలి. వాడిన ప్యాడ్లకి ప్రతి సందులో విడిగా మూత డబ్బాలు ఉండాలి. తయారీదారులు కవర్లిచ్చి తీరాలి.

5. చెరువు పేరుతో, నది పేరుతో ఏ పేదకుటుంబాన్నీ వేరే ఇల్లు చూపించకుండా ఖాళీ చేయించకూడదు. శిఖం భూములు అమ్మినవాళ్ళ మీదా, అనుమతులిచ్చిన అధికారుల మీదా ముందు కేసులు పెట్టాలి.

6. ప్లాస్టిక్ యూనిట్లు మూసేటప్పుడు అక్కడ పనిచేసే స్త్రీలకి పరిహారం, వేరే పని చూపించాలి.

7. చెరువుల రక్షణకు వేసే ప్రతి కమిటీలో చేపలమ్మే, బట్టలుతికే, చెత్త ఏరే స్త్రీలు సగంమంది ఉండాలి.

ఇవన్నీ ఒక్కరోజులో రావు. కానీ ఈ నెలలోనే మొదలుపెట్టగల పని ఒకటుంది. సమాచార హక్కు చట్టం కింద ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాయండి. మా వార్డులో రోజుకెంత చెత్త పుడుతోంది, ఎంత ఎత్తుతున్నారు? మా వార్డు నుంచి ఏ కంపెనీ పేరుమీద ఎంత ప్లాస్టిక్ వెనక్కి తీసుకున్నట్టు లెక్క చూపించారు? మా వార్డులో చెత్త ఏరేవాళ్ళు ఎంతమందికి గుర్తింపు కార్డులిచ్చారు? మొదటిది, మూడోది నగరపాలక సంస్థకి, రెండోది కాలుష్య నియంత్రణ మండలికి పంపండి. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన జవాబు పట్టుకుని బస్తీలో కూర్చుని చదువుదాం. రాకపోతే ఎందుకు రాలేదో అడగటానికి అందరం కలిసి ఆఫీసుకి పోదాం. సంజాయిషీ చెప్పుకోవాల్సినవాళ్ళు ఎవరో అక్కడ తేల్చుకోవచ్చు.